పాత కచేరీ కూల్చివేత: వేలం సొమ్ము వెనక ఖర్చు

జిల్లా ఎడిషన్ల లోపలి పేజీల్లో ఓ మూలకు వేలం ప్రకటనలు వస్తుంటాయి. శిథిలావస్థకు చేరిన ఫలానా కార్యాలయ భవనాన్ని కూల్చి, పాత సామగ్రిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుపోవడానికి సీల్డు టెండర్లు పిలుస్తున్నామని రెండు వాక్యాలు, కింద అప్‌సెట్ ధర (పాట మొదలయ్యే కనీస ధర), డిపాజిట్, గడువు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయి, ఆఫీసులు ఒక్కొక్కటీ ఊరవతలి సమీకృత కలెక్టరేట్లకు తరలాక దక్షిణ తెలంగాణలో ఇవి మామూలైపోయాయి. మహబూబ్‌నగర్‌లో పాలకొండ దగ్గరి కొత్త సముదాయం 2022 డిసెంబర్ 4న మొదలైంది. ఇలా ఖాళీ అయిన పాత కచేరీలు (సర్కారు కార్యాలయాలు), తాలూకా ఆఫీసులు, బంగ్లాలు, గోదాములు, పెంకుల బడులు ఊరి నడిబొడ్డున, బాగా ధర పలికే జాగాల్లో ఉన్నాయి. కొన్ని ఇప్పటికే పోయాయి, కొన్నింటికి వంతు దగ్గర పడింది.

ప్రకటన తర్వాత వచ్చే వార్త కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. పాత భవనం వేలంలో ఇన్ని లక్షలు వచ్చాయని. ఆ లక్షలు ఖజానాలో జమ అయ్యే మాట నిజమే. కూల్చినందుకు అయ్యే ఖర్చు మాత్రం ఏ పుస్తకంలోనూ ఒకచోట కనపడదు. కొంత మున్సిపాలిటీ పారిశుద్ధ్య పద్దులో, కొంత కొత్త భవనం టెండర్లో 'అదనపు ఐటెం'గా, కొంత అద్దెల్లో, కొంత పక్కింటాయన జేబులో, కొంత చెరువులో పడుతుంది. తిలా పాపం తలా పిడికెడు. కూల్చివేతకు విడిగా పూర్తి ఎస్టిమేట్ వేసి, దానికి డబ్బు కేటాయించాకే భవనం మీద గునపం పడాలన్నది నా వాదన. వేలం సొమ్మును ఆ ఎస్టిమేట్‌లో తగ్గింపుగా చూపాలి. ఇప్పుడు మొత్తం లెక్క అదొక్కటే అన్నట్టు నడుస్తోంది.

బరువు లెక్క ఎక్కడ తప్పుతుంది

కూల్చితే ఎంత శిథిలం వస్తుందన్నదానికి ఇంజినీర్ల దగ్గర ఒక బండ లెక్క ఉంది. పక్కా భవనమైతే చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక అంచనాల సంస్థ టైఫాక్ లెక్కల్లో ఉన్న అంకె ఇది. స్తంభాలు, స్లాబు, తొమ్మిది అంగుళాల గోడలున్న కట్టడాలకు ఎంతో కొంత పనికొస్తుంది. డంగు సున్నంతో కట్టిన నిజాం కాలపు రాతి కచేరీకి అస్సలు పనికిరాదు.

ఉదాహరణకు ఒక భవనం అనుకుందాం. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, రెండంతస్తులు. అంటే 900 చదరపు మీటర్లు. బండ లెక్క ప్రకారం 450 టన్నులు, పది టన్నుల టిప్పర్లు 45. ఎస్టిమేట్ వేసేవాళ్లు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు గోడలు కొలుద్దాం. బయటి గోడలు 90 మీటర్లు, లోపలి అడ్డగోడలు 60 మీటర్లు. అంతస్తుకు నాలుగున్నర మీటర్ల ఎత్తు, గోడ మందం అర మీటరు. దర్వాజలు, కిటికీలకు ఐదో వంతు తీసేసినా 540 ఘనపు మీటర్ల రాతి గోడ. ఘనపు మీటరుకు 2.3 టన్నులు వేసుకుంటే 1,240 టన్నులు. పైకప్పు, నడి అంతస్తు ఇటుక కమానులు, సున్నం, గచ్చు కలిపి పావు మీటరు మందమైతే 225 ఘనపు మీటర్లు, అంటే 430 టన్నులు. పునాది మీటరుంబావు కంటే కాస్త తక్కువ వెడల్పు, మీటరున్నర లోతు అనుకుంటే 270 ఘనపు మీటర్లు, 620 టన్నులు. అన్నీ కలిపితే 2,290 టన్నులు. బండ లెక్కకు ఐదు రెట్లు.

టిప్పర్లు 45 కాదు, 230 కావాలి. ట్రిప్పుకు రెండు వేలు అనుకున్నా రవాణాకే 4 లక్షల 60 వేలు. ఎక్కించే హిటాచి కిరాయి, మేస్త్రీ, కూలీల కైకిలి, దుమ్ము లేవకుండా చల్లే నీళ్ల ట్యాంకర్లు దీనికి అదనం. నిలబడ్డ గోడలో ఒక ఘనపు మీటరు ఉన్నది కూలాక ఒకటిన్నర ఘనపు మీటర్ల జాగా తీసుకుంటుంది. ఆవరణలో పోసుకుని తర్వాత చూద్దామనుకుంటే 1,550 ఘనపు మీటర్ల గుట్ట లేస్తుంది. అంటే భవనం నిలబడ్డ జాగా అంతా మూడున్నర మీటర్ల ఎత్తున నిండుతుంది. యంత్రం తిరగడానికి చోటుండదు, పోసిన కుప్పనే మళ్లీ మళ్లీ అటూ ఇటూ తోయాల్సి వస్తుంది. ఒకే మట్టిని రెండుసార్లు, మూడుసార్లు ఎత్తిన ఖర్చు ఏ ఎస్టిమేట్‌లోనూ కనపడదు.

ఎక్కడ పోస్తారు?

2016 నాటి కేంద్ర నియమాల ప్రకారం రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటి శిథిలాలు వచ్చే చోట పని మొదలుపెట్టకముందే స్థానిక సంస్థకు ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోవాల్సి ఉండేది. కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-సున్నం అని వేరుచేయాల్సి ఉండేది. మన ఉదాహరణ భవనం మొదటి వారంలోనే ఆ గీత దాటేది. 2026 ఏప్రిల్ 1 నుంచి వీటి స్థానంలో 2025 నియమాలు వచ్చాయి. వాటిలో ఉత్పత్తిదారు బాధ్యత (శిథిలాలు పుట్టించినవాళ్లే వాటిని మళ్లీ వాడకానికి తెచ్చే ఏర్పాటు చూడాలి) అనే గట్టి షరతు 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన ప్రాజెక్టులకు. 900 చదరపు మీటర్ల తాలూకా ఆఫీసు ఆ లెక్కలో పడదు. కాబట్టి జిల్లా పట్టణాల్లో టెండర్ షరతు ఎంత గట్టిగా ఉంటే అంతే రక్షణ.

హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో శిథిలాలను పొడిచేసి మళ్లీ వాడకానికి తెచ్చే ప్లాంట్లున్నాయి. నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా అక్కడికి వంద కిలోమీటర్లు అటూ ఇటూ. పది టన్నుల రాళ్లు అంత దూరం మోసుకుపోవడం గిట్టదు. అందుకే టిప్పర్ డ్రైవర్ దగ్గర్లో గుంత ఏదుందో అక్కడికే పోతాడు. ఆ గుంత చెరువు శిఖమో (నీళ్లు నిలిచే నేల), వాగు ఒడ్డో, కాలువ గట్టో అవుతుంది. మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీయడానికి రాష్ట్ర ప్రభుత్వమే డబ్బు పెట్టింది. ఒక శాఖ తవ్వించిన చోట ఇంకో శాఖ భవనం వచ్చి పడుతుంది. దాన్ని మళ్లీ తీయించాలంటే తడిసిన రాళ్లు, ఒండ్రు కలిసిపోయి ఉంటాయి. మొదటిసారి పోసినదానికంటే తీయడానికే ఎక్కువవుతుంది.

దీనికి దారి లేకపోలేదు. సున్నంతో కట్టిన గోడ విడదీయడం తేలిక. ఇటుకకు అంటుకున్న సున్నం తాపీ అంచుతో గీరితే రాలిపోతుంది, ఇటుక నిండుగా చేతికొస్తుంది. సిమెంటుతో కట్టిన గోడలో ఇటుకే ముందు విరుగుతుంది. రాళ్లు ప్రహరీకి, కట్టలకు, రోడ్డు కింద పరిచే రాతి పొరకు (సోలింగు) పనికొస్తాయి. షాబాద్, తాండూరు బండలు మళ్లీ పరుచుకోవచ్చు. సున్నం, ఇటుక ముక్క కలిసిన చూరను మాత్రం స్లాబు కాంక్రీటులో వాడకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 383 దాన్ని బలహీనమైన అడుగు కాంక్రీటు వరకే ఒప్పుకుంటుంది. రాయి, ఇటుక, చూర అని మూడు కుప్పలుగా అక్కడికక్కడే వేరుచేస్తే బయటికి పోవాల్సిన బరువు బాగా తగ్గుతుంది. వేరుచేయడానికి మనుషులు కావాలి, రోజులు కావాలి. ఇరవై రోజుల గడువుతో వేలం పిలిస్తే ఎవరూ వేరుచేయరు, అంతా కలిపి ఎత్తిపోస్తారు.

రేకుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత రాతి భవనాలకు తర్వాతి దశాబ్దాల్లో వరండాలు, సైకిల్ షెడ్లు సిమెంటు రేకులతో తగిలించారు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. గడ్డపారతో పగలగొడితే కంటికి కనపడని పోగులు గాలిలో కలుస్తాయి, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. రేకు మీద నీళ్లు చల్లి, బోల్టులు కోసి, పగలకుండా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి విడిగా పెట్టాలి. రెండు రోజుల పని. అది చేయకుండా జేసీబీతో తోసేస్తే ముక్కలు రాళ్ల కుప్పలో కలిసిపోతాయి. ఆ తర్వాత ఆ కుప్పను ఎక్కడా నింపడానికి వాడకూడదు.

భూమి పైన ఉన్నది వేలం, కింద ఉన్నది ఎవరికీ పట్టదు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పునాది వ్యవహారం. వేలం షరతుల్లో చాలాసార్లు 'నేలమట్టం వరకు' అని ఉంటుంది. గుత్తేదారుకు లాభం పైన ఉంది. టేకు దూలాలు, దర్వాజలు, ఇనుప గర్డర్లు, బండలు. పునాదిలో అమ్ముడయ్యేది రాళ్లు తప్ప ఏమీ లేదు, తీయడానికి మాత్రం బ్రేకర్ కావాలి. కాబట్టి అతను నేలమట్టం దగ్గర ఆగడంలో తప్పులేదు, షరతే అలా ఉంది.

తర్వాత ఆరు నెలలకో, మూడేళ్లకో కొత్త భవనం టెండర్ వస్తుంది. ఎస్టిమేట్‌లో తవ్వకం 'మామూలు నేల' కింద రాస్తారు. ఖాళీ జాగా కనపడుతోంది కదా. గుంత తీయగానే పాత పునాది తగులుతుంది. మెట్లు మెట్లుగా వెడల్పయ్యే రాతి కట్టు, కొన్నిచోట్ల రెండు మీటర్ల లోతు దాకా. ఇక్కడి నుంచి ఖర్చు ఒకదాని వెంట ఒకటి మొదలవుతుంది. పని ఆగుతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి చూసి రాస్తాడు. భూమి కింది కట్టడం తొలగింపు అదనపు ఐటెంగా పై ఇంజినీర్లు డీఈ, ఈఈ, ఆపైన ఎస్‌ఈ దాకా పోతుంది. ఆమోదం వచ్చేదాకా యంత్రం, సెంట్రింగ్ సామాను అక్కడే పడి ఉంటాయి. రేటు ఒప్పందంలో లేదు కాబట్టి బేరం గుత్తేదారు చేతిలో ఉంటుంది.

పునాది తీశాక పడే గుంతలు మరో తిప్పలు. కొత్త స్తంభం ఒకవైపు గట్టి నేల మీద, ఇంకోవైపు పాత పునాది తీసిన పోత మట్టి మీద నిలబడితే రెండువైపులా ఒకేలా కుంగదు, గోడలో ఏటవాలు పగుళ్లు వస్తాయి. మొరం తెచ్చి 20 నుంచి 30 సెంటీమీటర్ల పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, రోలరు తిప్పి, సాంద్రత పరీక్ష చేయాలి. మొరానికి గనుల శాఖకు సీనరేజీ (ఖనిజ రుసుము) కట్టాలి. నల్లరేగడి ఉన్న చోటైతే తవ్విన మట్టినే తిరిగి నింపకూడదు, వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. ఇదంతా కూల్చివేత ఖర్చే. దస్త్రాల్లో మాత్రం కొత్త భవనం ఖర్చు పెరిగిందని ఉంటుంది, కొత్త గుత్తేదారును అనుమానిస్తారు.

విలువైనది ముందు పోతే

కూల్చివేతకు భారత ప్రమాణం ఐఎస్ 4130 ఉంది. కట్టినదానికి సరిగ్గా వెనక వరుసలో విప్పాలన్నది దాని సారాంశం. పైకప్పు, ఆ తర్వాత పై గోడలు, నడి అంతస్తు, కింది గోడలు. వేలం పద్ధతి గుత్తేదారుకు నేర్పేది దీనికి తలకిందులు. డబ్బు ముందే కట్టాడు, కాబట్టి డబ్బు వచ్చే సామాను ముందు దించుకుంటాడు. దర్వాజ చట్రాలు, కిటికీలు పెరికితే వాటి మీది కమాను రాళ్లు జారతాయి, ఆ పై గోడ ఆధారం పోతుంది. ఆ గోడ కిందే కూలీలు గర్డర్ కోస్తుంటారు.

గర్డర్ల మధ్య ఇటుక కమానులు పోసిన కప్పు మరీ ప్రమాదం. ప్రతి కమానూ పక్కదాన్ని నెడుతుంది, పక్కది తిరిగి నెడుతుంది, రెండూ కలిసి నిలబడతాయి. ఒక వరుస తీసేస్తే పక్క వరుసకు ఎదురు ఒత్తిడి ఉండదు. గర్డర్లను ఒకదానికొకటి ఇనుప కడ్డీలతో బిగించి, కింద సపోర్టులు పెట్టి, గర్డర్ల మీద అడ్డంగా పలకలు వేసుకుని వాటిపైన నిలబడి విప్పాలి. కమాను మీద నిలబడి సుత్తి వేయకూడదు. కప్పు పోయాక తొమ్మిది మీటర్ల రాతి గోడ ఒంటరిగా మిగులుతుంది. అడుగున బకెట్ పెట్టి లాగితే ఎటు పడుతుందో చెప్పలేం.

ఈ పని చేసేది ఎక్కువగా మన పాలమూరు కూలీలే. దేశమంతా ప్రాజెక్టులు కట్టి వచ్చిన చేతులు. వాళ్లకు పని తెలుసు, ఎక్కడ ఆగాలో కూడా తెలుసు. ఆగడానికి గడువు, కూలి రెండూ ఇవ్వకపోవడం అసలు సమస్య. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కూల్చివేతను కూడా నిర్మాణ పనిగానే లెక్కించింది, 2025 నవంబర్‌లో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్ కూడా అలాగే లెక్కిస్తుంది. ప్రభుత్వం దీన్ని పాత సామాను అమ్మకంగా రాసుకుంటే సెస్సు, నమోదు, బీమా, హెల్మెట్, నడుం బెల్టు అన్నీ కాగితం మీద నుంచే జారిపోతాయి. ప్రమాదం జరిగితే ఆ కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారం ఎవరిదన్నది అప్పుడు తేలాలి.

ఇదే వరుసలో ఇంకో నష్టం ఉంది. సామాను పోయాక మిగిలిన శిథిలానికి గుత్తేదారు ఎందుకు ఉండాలి? మన ఉదాహరణలో డిపాజిట్ 50 వేలు, మిగిలిన రవాణా మూడు లక్షలు అనుకుందాం. డిపాజిట్ వదులుకుని పోవడమే అతనికి లాభం. బడి ఆవరణల్లో, ఆసుపత్రి వెనక సగం కూలిన గోడలు, రాళ్ల గుట్టలు ఏళ్ల తరబడి ఉండిపోవడానికి కారణం చాలాచోట్ల ఈ చిన్న తీసివేతే. పిల్లలు ఆడుకునే జాగా పాములకు వదిలేసి, చివరికి మున్సిపాలిటీ ట్రాక్టర్లు పెట్టి ఎత్తిస్తుంది.

రికార్డు రూమ్

రెవెన్యూ కచేరీ అయితే రాళ్లకంటే ముందు కాగితాలు చూడాలి. సేత్వార్‌లు, 1954–55 ఖాస్రా పహాణీలు, ఫైసల్ పట్టీలు, ఆ తర్వాతి పహాణీలు, అంటే భూమి ఎవరిదో చెప్పే పాత రికార్డులు, గుడ్డ బస్తాల్లో కట్టి ఉంటాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి. 2020లో ధరణి, 2025లో భూభారతి అని ఆన్‌లైన్ భూ రికార్డులు వచ్చినా భూమి తగాదా కోర్టుకెక్కితే వెతికేది ఈ పాత కాగితాన్నే.

ఖాళీ చేయడానికి వారం గడువిస్తే బస్తాలు ట్రాక్టర్లో వేసి కొత్త ఆఫీసులో ఒక గదిలో కుప్ప పోస్తారు. కాగితం పోదు, వరుస పోతుంది. ఏ అరలో ఏ ఊరుందో రికార్డు కీపర్ తలలో ఉంటుంది, ఆయన రిటైరైతే అదీ ఉండదు. నకలు కోసం వచ్చిన రైతుకు 'రికార్డు లభ్యం కాలేదు' అని రాసిస్తారు. ఆ ఒక్క వాక్యానికి అచ్చంపేట నుంచో, దేవరకొండ నుంచో వచ్చిన మనిషి ఏళ్లపాటు వకీలు ఫీజు కడతాడు. కూల్చివేత ఖర్చుల్లో ఎక్కడా లెక్కకు రాని పెద్ద ఖర్చు ఇదేనని నా నమ్మకం.

చేయాల్సింది కష్టం కాదు. కదిలించకముందే అర వారీగా ఊళ్ల జాబితా, ప్రతి బస్తాకు నంబరు చీటీ, ఆ నంబర్లు ఉన్న రిజిస్టర్ రెండు ప్రతులు. చెద పట్టినవి, అంటుకుపోయినవి విడిగా, స్కానింగ్ అయ్యేదాకా కట్టు విప్పకుండా. ఉర్దూ చదవగలిగిన ఒక మనిషికి రెండు నెలల జీతం. నిజాం కాలపు దస్త్రాలను కాపాడే అనుభవం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఉంది, వాళ్లను ముందే పిలిపించవచ్చు.

అద్దె లెక్క త్వరగా చెప్పేస్తాను. తాత్కాలిక ఆఫీసుకు 6 వేల చదరపు అడుగులు, అడుగుకు 12 రూపాయలు అనుకుంటే నెలకు 72 వేలు, ఏడాదికి 8 లక్షల 64 వేలు. వేలంలో ఎనిమిది లక్షలు వచ్చిందనుకున్నా మొదటి ఏడాదిలోనే అయిపోయింది. కొత్త భవనం రెండేళ్లకు బదులు నాలుగేళ్లు తీసుకుంటే మిగతా మూడేళ్ల అద్దె చేతి నుంచే. పాత కచేరీ ముందు కూర్చున్న దస్తావేజు రాసేవాళ్లు, టైపిస్టులు, జిరాక్సులు, చాయ్ బండ్లు జాగా మారి బేరం పోగొట్టుకుంటారు. దానికి పరిహారం ఉండదు.

పక్క గోడ, బావి, వేపచెట్టు, గుడి

ఊరి మధ్య భవనానికి ఇరుగుపొరుగు ఆనుకునే ఉంటారు. బ్రేకర్ అదురుకు వాళ్ల గోడలు పగులుతాయి, లేదా పాత పగుళ్లనే కొత్తవంటారు. రెండిట్లో ఏది నిజమో తర్వాత ఎవరూ తేల్చలేరు. అందుకే ముందే ప్రతి ఇంటి గోడా ఫొటో తీసి, ఉన్న పగుళ్ల మీద చిన్న గాజు పలక ప్లాస్టరుతో అతికించి, తేదీ రాసి, ఇంటాయన సంతకం తీసుకోవాలి. గాజు విరిగితే పగులు కదిలిందని అర్థం. ఆనుకుని ఉన్న చివరి రెండు మూడు మీటర్లు యంత్రంతో కాకుండా చేత్తో విప్పాలి. భవనం పోయాక పక్కవాళ్ల గోడ ఇన్నాళ్లూ వాన చూడని ముఖంతో బయటపడుతుంది. దానికి ప్లాస్టరు చేసివ్వకపోతే మొదటి ముసురుకే లోపల చెమ్మ దిగుతుంది.

పాత ఆవరణల్లో చేదబావి ఉంటుంది. ఐదు మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల లోతైతే దాదాపు 295 ఘనపు మీటర్లు. శిథిలాలకు ఉచిత గుంత దొరికిందని నింపేస్తారు. అలా నింపింది ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, దాని మీద ఏమీ కట్టలేరు. మీద జాలీ స్లాబు వేసి కప్పు నీళ్లు దానిలోకి మళ్లిస్తే అదే ఇంకుడు బావి. వదిలేసిన బోరును మాత్రం అడుగు నుంచి నేల దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాల్సిందే. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు అవి. చెట్లు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. అది పని మొదలయ్యాక గుర్తొస్తే పని ఆగుతుంది.

ఆవరణలో చిన్న గుడో, దర్గానో, జెండా గద్దెనో ఉండడం మనకు మామూలు. దాని విషయంలో పొరపాటు ఎంతదాకా పోతుందో చూడాలంటే హైదరాబాద్ సచివాలయమే చాలు. 2020 జులైలో పాత బ్లాకులు కూలుస్తుండగా శిథిలాలు పడి ఆవరణలోని గుడి, మసీదు దెబ్బతిన్నాయి. ప్రభుత్వం విచారం తెలిపి సొంత ఖర్చుతో కట్టిస్తామని చెప్పింది. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న మొదలైతే, కొత్తగా కట్టిన గుడి, మసీదులు, చర్చి ఆగస్టు 25న తెరుచుకున్నాయి. అదే కూల్చివేతకు హైకోర్టు వారం పాటు స్టే కూడా ఇచ్చింది. రాష్ట్ర రాజధానిలో, అందరి కళ్లముందు జరిగే పనిలోనే ఇలా అయితే, ఇద్దరు ఇంజినీర్లుండే మున్సిపాలిటీ నుంచి ఎక్కువ ఆశించలేం. కాబట్టి షరతులే గట్టిగా ఉండాలి.

ఎదురు వాదనలు

కూల్చడం ఆలస్యమైతే జనం మీద పడుతుంది కదా అంటారు. ఒప్పుకుంటాను. నా అంచనాలో నిజాం కాలపు రాతి కట్టడాలకంటే 1970, 80ల నాటి స్లాబు భవనాలకే ఆ ప్రమాదం ఎక్కువ. లోపలి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, కింది సిమెంటు పెచ్చులుగా రాలుతుంది, ఆ తర్వాత ఎప్పుడైనా పడొచ్చు. అలాంటి బడి గది కింద పిల్లలను ఒక్కరోజు కూడా కూర్చోబెట్టకూడదు. వెంటనే ఖాళీ చేసి, కంచె వేసి, తాళం వేయాలి. ఖాళీ చేయడం అత్యవసరం. కూల్చడానికి మాత్రం నెలరోజుల లెక్క వేసుకునే వ్యవధి ఉంటుంది.

రెండో వాదన, అసలు కూల్చొద్దని. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. మనుషులు మసలే భవనం తొందరగా పాడవదనడానికి ఇవి మన కళ్లముందు సాక్ష్యాలు. చాలా పాత కచేరీలకు 'శిథిలం' ముద్ర పడటానికి మొదటి కారణం పైకప్పు కారడం, పిట్టగోడలో రావి మొక్క మొలవడం. వేరు మొదలంటా తీసి, కప్పు మీద గచ్చు మళ్లీ వేస్తే ఆ గోడలు ఇంకో రెండు తరాలు నిలబడతాయి. కూల్చివేత అసలు ఖర్చు కాగితం మీద పడితే మరమ్మతు ఖర్చు దాని పక్కన చిన్నగా కనపడే చోట్లు ఎన్నో ఉంటాయి. అన్ని చోట్లా అలా ఉండదు. వంపు తిరిగిన గోడ, కుంగిన పునాది ఉన్నచోట మమకారంతో నిలబెట్టమనడం కూడా ప్రజల సొమ్ముతో చెలగాటమే.

మూడోది నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. విడిగా ఎస్టిమేట్ వేస్తే దాన్నీ పెంచి రాసుకుంటారు, వంద ట్రిప్పులు పోయి మూడు వందలని బిల్లు పెడతారు, దానికంటే వేలమే నయం కదా, కనీసం ఎంతో కొంత వస్తుంది అని. ఈ భయం ఉత్తది కాదు. ఎత్తుకుపోయిన మట్టిని తర్వాత కొలవలేం. అయితే నిలబడ్డ భవనాన్ని ఎవరైనా కొలవవచ్చు. కూల్చకముందే గోడల పొడవు, మందం, ఎత్తు, పునాది లోతు కొలతల పుస్తకంలో ఎక్కించి, ఆ పరిమాణానికే చెల్లిస్తామంటే ట్రిప్పుల దొంగలెక్కకు చోటుండదు. పునాది లోతు తెలియాలంటే గోడ పక్కన మీటరు వెడల్పు గుంతలు నాలుగు తీస్తే చాలు, ఒక్కరోజు పని. ప్రతి టిప్పరూ కాటా మీదుగా పోయి చీటీ తేవాలి, పోసిన చోట ఫొటో ఉండాలి.

టెండర్‌లో రాయాల్సినవి

అమ్మకం, కూల్చివేత రెండు వేర్వేరు పనులుగా పిలవాలి. ఒక గుత్తేదారు కూల్చి, వేరుచేసి, సామాను కుప్పలుగా పెట్టాలి. అతనికి కొలత ప్రకారం కూలి. టేకు, గర్డర్లు, బండలు, ఇటుకలు ఆ తర్వాత విడివిడిగా వేలం. పాత టేకు దూలం కొనేవాడు దాన్లో దిగిన మేకులకు కోత మిషన్ బ్లేడ్లు విరుగుతాయని ముందే ధర తగ్గించి పాడతాడు. మేకులు తీసి, కొలిచి, వరుసగా పేర్చి పెట్టిన కలపకు వచ్చే ధర వేరు. ఇలా చేస్తే వేలం సొమ్ము కూడా పెరుగుతుంది, విలువైనది ముందు పెరికే తొందర కూడా పోతుంది.

షరతుల్లో పునాది అడుగు దాకా తొలగింపు ఉండాలి. శిథిలాలు పోసే చోటు సర్వే నంబరుతో సహా ఉండాలి, అది చెరువు పూర్తి నీటిమట్టం హద్దులో లేదని నీటిపారుదల శాఖ సంతకంతో. రికార్డు రూమ్ ఖాళీ అయిందని తహసీల్దార్ రిజిస్టర్ చూపించకముందు పని అప్పగించకూడదు. డిపాజిట్ కనీసం మిగతా శిథిలాల రవాణా ఖర్చుకు సమానంగా ఉండాలి. పునాది గుంతలు మొరంతో నిండి, రోలరు తిరిగి, పక్క ఇళ్ల గాజు పలకలు రెండోసారి చూసి, కాటా చీటీలు కొలతల పుస్తకంతో సరిపోయాకే దాన్ని తిరిగి ఇవ్వాలి. రవాణా, మొరం, అద్దె, రికార్డు, పక్క గోడలు, వేలం రాబడి అన్నీ ఒకే పేజీలో వేసి, కూల్చే తీర్మానానికి ముందే కౌన్సిల్ సభ్యుల చేతికి ఇవ్వాలి.